పాట వినేవాళ్ళు లక్షలు, పాట గురించి చదివేవాళ్ళు ఎందరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి ఫోను చేసి, "అన్నా, ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి, దాన్నే సావనీరులో వేసుకుంటాం" అన్నాడు. ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాణ్ణి కాబట్టి కరెంటు గురించే చెబుతాననుకొని ఉంటాడు. నేను ఈరోజు సంగీత పత్రికల గురించి మాట్లాడదలచుకున్నాను. వాటిని ఎవరు చదువుతారు, ఎవరు కొంటారు, ఎందుకు నిలవవు అనేది విషయం. పాణ్యంలో నిలబడి చెప్పాల్సిన సంగతా ఇది అనుకోవద్దండి. చివర్లో మన సంఘం ముందు ఒక పని పెడతాను. ఆ పని ఎందుకు చేయాలో తెలియాలంటే ముందు ఈ కథ తెలియాలి.

మొదట వినేవాళ్ళ సంగతి చూద్దాం. మన సీమలో పాటకు కరువు వచ్చిన ఏడు లేదు. వానకు కరువొచ్చిందేమో గానీ పాటకు రాలేదు. శ్రీరామనవమికి, కార్తీక మాసంలో భజనలు. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చెక్కలు పట్టుకొని చెక్కభజన. పీర్ల పండగకు కులం మతం లేకుండా గుండం చుట్టూ అలాయి తొక్కుతూ పాడే పాటలు. తిరునాళ్ళకు పద్యనాటకం. హరిశ్చంద్రుడి కాటిసీను పద్యానికి "వన్స్‌మోర్" అని అరిచినవాళ్ళలో సగం మంది సంతకం కూడా రానివాళ్ళు. రాగం పేరు తెలియకపోవచ్చు గానీ, పద్యం గాడి తప్పితే మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇక రేడియో. మా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. కడప కేంద్రం, వివిధ భారతి, మధ్యాహ్నం పూట సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు. పదిహేను పైసల కార్డు కొని, కోరిన పాట పేరు ఒక వరుసలో రాసి, మిగతా కార్డంతా పేర్లతో నింపేవాళ్ళం. రేడియోలో ఊరి పేరు చదివితే ఆ వారమంతా ఊర్లో అదే మాట. పాట కోసం పైసలు పెట్టి, కలం పట్టి, తపాలా పెట్టెదాకా నడిచిపోయిన జనం వీళ్ళు. మరి ఇంత జనం ఉంటే పాటల పత్రిక ఎందుకు బతకలేదు?

దానికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ జనం పాట కోసం కాగితం కొన్నారా? కొన్నారు, బాగా కొన్నారు. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం గుర్తుందా? పలచని కాగితం, నాలుగైదు మడతలు, మొదట సగం కథ, "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఒక వాక్యం, ఆ తర్వాత పాటలు. ఇంటర్వెల్లులో సోడా, వేరుసెనక్కాయలతో పాటు అది కూడా అమ్మేవాళ్ళు. బస్టాండులో, తిరునాళ్ళలో భజన కీర్తనల పుస్తకాలు దొరికేవి. హార్మోనియం పెట్టె పక్కన తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయం నలిగిపోయి, అట్ట ఊడిపోయి కనిపించేవి.

ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి. నంద్యాలలో క్యాసెట్ల అంగడికి పోతే, "ఏం పాటలు కావాలప్పా?" అని ఒక లావుపాటి నోటుబుక్కు ముందు పెట్టేవాళ్ళు. సినిమా పేరు, పాట మొదటి మాటలు, పాడినవాళ్ళ పేర్లు, అంతా చేతిరాతే. దాన్ని చూసి మనం పన్నెండో పద్నాలుగో పాటలు ఎంచుకొని చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. నాకు తెలిసి మన ప్రాంతంలో ఎక్కువమంది శ్రద్ధగా చదివిన సంగీత గ్రంథం ఆ నోటుబుక్కే.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. పాటల పుస్తకం కొన్నవాడు ఇంటికి పోయి పాడుకుంటాడు. నాటకం పుస్తకం కొన్నవాడు వేషం కడతాడు. భజన పుస్తకం కొన్నవాడు శనివారం గుళ్ళో ముందు వరసలో కూర్చుంటాడు. అంగడి నోటుబుక్కు చూసినవాడు క్యాసెట్టు నింపుకుంటాడు. అంటే ఆ కాగితం ఒక పనిముట్టు. స్పానరు కొన్నట్టు కొన్నారు. పత్రిక అట్లాంటిది కాదు. పాట గురించి, పాట కట్టినవాడి గురించి, ఆ రాగం అక్కడ ఎందుకు పెట్టాడనే దాని గురించి మాట్లాడేది పత్రిక. దానికి ఎవరు డబ్బులిచ్చారో చూద్దాం.

1892లో మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ అనే ఆయన మన కర్ణాటక కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో, నెలనెలా భాగాలుగా అచ్చు వేయడం మొదలుపెట్టాడు. ప్రపంచమంతా మన త్యాగయ్యను చదవాలని ఆయన కోరిక. కంటిచూపు మందగించేదాకా కష్టపడ్డాడు. ఆ పని ఎక్కువ కాలం సాగలేదు. అయితే ఆయన ప్రోద్బలంతోనే, ఎట్టయపురం జమీందారు అండతో, సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం 1904లో అచ్చు వేయించాడు. తమిళదేశం నడిబొడ్డున, ఎట్టయపురం సంస్థానం అచ్చుకూటంలో, తెలుగు భాషలో, తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం అది. దాదాపు 1700 పేజీలు. ఆ ఖర్చు మోసింది బజారు కాదు, సంస్థానం.

తెలుగునాట 1960లలో కాకినాడ నుంచి మునుగంటి శ్రీరామమూర్తి గారు గానకళ అనే సంగీత మాసపత్రిక నడిపారు. ఆకాశవాణి వాళ్ళు కార్యక్రమాల వివరాలతో వాణి అనే పత్రిక వేసేవాళ్ళు, అది ప్రభుత్వం సొమ్ము. ఇంగ్లీషులో 1983 అక్టోబరులో మద్రాసులో ఎన్. పట్టాభిరామన్ గారు శ్రుతి మాసపత్రిక మొదలుపెట్టారు. చెన్నైలో సభలున్నాయి, డిసెంబరు కచేరీల కాలం ఉంది, నాట్య పాఠశాలలున్నాయి, విదేశాల్లో చందాదారులున్నారు. ఇన్ని ఉన్నా ఆ పత్రికకు తర్వాతి కాలంలో ఒక పారిశ్రామిక సంస్థ ఆసరా కావలసి వచ్చింది.

మన కాలంలో మనం కళ్ళారా చూసినది హాసం. 2001లో హైదరాబాదు నుంచి వచ్చింది. హాస్యం, సంగీతం రెండూ కలిపిన పక్షపత్రిక. దాన్ని పెట్టినది శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు. హెపటైటిస్-బి టీకాను మన దేశంలో తయారుచేసి ధర దించిన మనిషి. ఆయన చదువు కూడా ఇంజనీరింగే, అందుకు నాకు లోపల కొంచెం గర్వం. సంపాదకుడు రాజా గారు సినిమా పాటను పట్టుకొని, స్వరం స్వరం విప్పి చెప్పగలిగినవారు. ఎం.బి.ఎస్. ప్రసాద్ గారు దాని నిర్వహణ చూశారు. పాత పాటల చరిత్ర, రాగాల వివరం, గాయకుల జీవితాలు, మధ్యలో జోకులు, కార్టూన్లు. చదివినవాళ్ళు ఇష్టంగా దాచుకున్నారు. ఊళ్ళలో హాసం క్లబ్బులు పెట్టుకొని నెలనెలా కలుసుకున్నారు. అంత ప్రేమ దొరికిన పత్రిక 2004లో ఆగిపోయింది.

మంచి సంపాదకుడు ఉన్నాడు, డబ్బు పెట్టే మనసున్న మనిషి ఉన్నాడు, ఇష్టపడే పాఠకులు ఉన్నారు. మరి ఏది లేదు? దీన్ని ఇంజనీరులా ఒక లెక్క వేసి చూద్దాం. ఇది హాసం లెక్క కాదు, ఏ చిన్న పత్రికకైనా వర్తించే ఊహా లెక్క.

పత్రిక ధర 20 రూపాయలు అనుకోండి. కాగితం, అచ్చు కలిపి కాపీకి 12 రూపాయలు. అంగడివాడికి, ఏజెంటుకు కలిపి 6 రూపాయల కమీషను. అంటే అమ్ముడైన కాపీకి మన చేతికొచ్చేది 14. వంద కాపీలు పంపితే అరవై అమ్ముడై, నలభై తిరిగి వచ్చాయనుకోండి. వచ్చింది 840, అచ్చుకు పోయింది 1200. వందకు 86 అమ్ముడైతే గానీ అచ్చు ఖర్చే రాదు. వందకు వందా అమ్ముడైనా కాపీకి మిగిలేది 2 రూపాయలు. సంపాదకుడి జీతం, రచయితల పారితోషికం, ఆఫీసు అద్దె కలిపి సంచికకు లక్ష రూపాయలైతే, 50,000 కాపీలు ఒక్కటీ తిరిగి రాకుండా అమ్ముడుపోవాలి.

చందాదారుడైతే నయం. కమీషను లేదు, వాపసు లేదు. తపాలా ఖర్చు 2 రూపాయలు పోగా కాపీకి 6 మిగులుతాయి. అప్పుడు దాదాపు 16,700 మంది చాలు. తేడా చూడండి. అంగట్లో ఎవరో ఒకరు కొంటారని ఎదురుచూస్తే యాభై వేలు కావాలి, పేరూ చిరునామా తెలిసిన మనిషి ఉంటే అందులో మూడో వంతు చాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

"ప్రకటనలు ఉంటాయి కదా" అంటారు. నిజమే, పత్రికలు బతికేది ప్రకటనలతోనే. కానీ ప్రకటన ఇచ్చేవాడికి పాఠకుడితో ఏదో ఒక బేరం ఉండాలి. లండన్‌లో మెలడీ మేకర్ 1926లో వాయించేవాళ్ళ పత్రికగా మొదలైంది. వాయిద్యాలు అమ్మేవాళ్ళు, బృందంలోకి మనుషులు కావాలనేవాళ్ళు అందులో ప్రకటనలు వేసేవాళ్ళు. 1952లో వచ్చిన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1960లలో, బీటిల్స్ ఊపులో, వారానికి మూడు లక్షల దాకా అమ్ముడైంది. రికార్డు కంపెనీలు, టిక్కెట్టు కచేరీలు దానికి పెట్టుబడి. పాఠకుడు పత్రిక చదివి, శనివారం పోయి రికార్డు కొనేవాడు.

మన దగ్గర ఆ బేరం లేదు. బొబ్బిలి వీణ, నూజివీడు వీణ చేసేవాళ్ళకు గురువుల ద్వారా, నోటి మాట మీద గిరాకీ వస్తుంది. వాళ్ళు పత్రికలో ప్రకటన వేయరు. మన కచేరీలు గుళ్ళో, ఉత్సవంలో, ఉచితం. సినిమా పాటల కంపెనీలకు విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర లాంటి సినిమా పత్రికలు ఉండనే ఉండేవి. అక్కడ తారల బొమ్మలతో పాటు పాట కూడా అమ్ముకోగలిగేవాళ్ళు. ఇక పాట గురించి మాత్రమే చదివే పెద్దమనిషికి అమ్మడానికి ఏముంది? ఆయన దగ్గర ఒక రేడియో, ఒక టేపురికార్డరు, పడక్కుర్చీ ఉన్నాయి. ఆయనకు ఇంకేమీ అక్కరలేదు. ప్రకటనలవాళ్ళకు ఇట్లాంటి తృప్తిపరుడితో పనిలేదు.

ఆ తర్వాత ఇంగ్లీషు పత్రికలూ కూలిపోయాయి. మెలడీ మేకర్ 2000లో పక్క పత్రికలో కలిసిపోయింది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 2015లో ఉచితంగా పంచారు, 2018 మార్చిలో అచ్చు ఆపేశారు. మూడు లక్షలు అమ్మినవాళ్ళకే ఆ గతి పట్టినప్పుడు మన చిన్న పత్రికలను తప్పు పట్టడానికి ఏముంది?

అయితే దీన్నిబట్టి "పాట గురించి తెలుసుకోవాలని మనవాళ్ళకు లేదు" అనేస్తే అది తప్పు. ఈటీవీలో పాడుతా తీయగా 1996లో మొదలైంది. పిల్లలు పాడతారు, సరే. కానీ ఇళ్ళలో టీవీ శబ్దం పెంచింది ఎప్పుడు? పాట అయిపోయాక బాలసుబ్రహ్మణ్యం గారు మాట్లాడేటప్పుడు. ఈ పాట కట్టినప్పుడు ఏం జరిగింది, ఈ సంగతి ఎందుకు కష్టం, ఈ మాట ఎట్లా పలకాలి అని ఆయన చెబుతుంటే వంటింట్లోంచి అమ్మలు బయటికొచ్చి నిలబడి విన్నారు. అది తెరమీద నడిచిన సంగీత పత్రికే. వి.ఎ.కె. రంగారావు గారు ఆలాపన పేరుతో పాత పాటల గురించి రాస్తే కత్తిరించి దాచుకున్నవాళ్ళున్నారు. 2017లో పాత రేడియో ఆకారంలో, ముందే పాటలు నింపిన కారవాన్ పెట్టె వచ్చినప్పుడు, ఫోనులో అదే పాట ఉచితంగా దొరుకుతున్నా, వేలు పోసి అమ్మానాన్నలకు కొనిచ్చారు పిల్లలు.

కాబట్టి ఈ కథలో ముగ్గురు మనుషులున్నారు. వినేవాడు, చదివేవాడు, డబ్బిచ్చేవాడు. పత్రికలవాళ్ళు ఈ ముగ్గురూ ఒకడే అనుకుంటే దెబ్బతింటారు. వినేవాడు లక్షల్లో ఉన్నాడు. చదివేవాడు వేలల్లో ఉన్నాడు, కానీ ఊరికొకడుగా చెదిరి ఉన్నాడు. డబ్బిచ్చేవాడు వేరే ఎక్కడో ఉన్నాడు. జమీందారు, ప్రభుత్వం, టీకాల కంపెనీ యజమాని, తల్లిదండ్రులకు కానుక కొనే కొడుకు. ఎవరి కోసం, ఎవరి సొమ్ముతో అన్నది ముందే తేల్చుకొని వేస్తే చిన్న పత్రిక కూడా నిలుస్తుంది. అంగట్లో వేలాడదీసి, దేవుడి మీద భారం వేస్తే పెద్ద పత్రిక కూడా నిలవదు.

ఇక మన ఊరికి వస్తాను.

ఇంతసేపూ చెప్పిన పత్రికలన్నీ కీర్తన గురించి, సినిమా పాట గురించి. వాటికి ఏదో ఒక కాగితం దొరికింది. కొండజూటూరులో, నెరవాడలో, ఆలమూరులో, గోనవరంలో, తమ్మరాజుపల్లెలో పాడే పాటకు ఏ కాగితం దొరికింది? చెక్కభజన గురువు దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. పాత లెక్కల పుస్తకమో, పిల్లవాడు సగం రాసి వదిలేసిన నోట్సో. దాంట్లో పాటలు, అడుగుల గుర్తులు, ఎక్కడ వేగం పెంచాలో ఆయనకు మాత్రమే అర్థమయ్యే గీతలు. ఆయన పోయాక ఇల్లు సున్నం కొట్టించేటప్పుడు అది పాత కాగితాల బండికి పోతుంది. పీర్ల పాటలకైతే ఆ నోటుబుక్కు కూడా లేదు, అవి నోట్లోనే ఉన్నాయి. మనం స్వర్ణోత్సవం చేసుకుంటున్న ఈ యాభై ఏళ్ళలో ఎన్ని గొంతులు పోయాయో మీరే మీ మీ ఊళ్ళలో లెక్కపెట్టుకోండి.

"ఫోనులో వీడియో తీస్తున్నాం కదన్నా" అంటాడు మా తమ్ముడు ఒకడు. తీయండి, మంచిదే. కానీ వీడియోలో మాట సగం అర్థం కాదు, డప్పు మోతలో కలిసిపోతుంది. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పండగకు పాడతారు అనేది ఎవరో ఒకరు కూర్చొని అడిగి రాయాలి. ఫోను పోతే వీడియో పోతుంది. వంద ఇళ్ళలో ఉన్న కాగితం ఒకేసారి పోదు. మన పిన్నాపురం కొండల్లో పగటి ఎండ కరెంటుతో నీళ్ళు పైకెక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసే ఏర్పాటు చూశారు కదా. దొరికినప్పుడు దాచుకోకపోతే కావాల్సినప్పుడు ఉండదు. పాట సంగతీ అంతే.

అందుకని సంఘం ముందు పెడుతున్న పని ఇది. ఏడాదికి ఒక్కసారి, ముప్పై రెండు పేజీల చిన్న పాటల పత్రిక. పాణ్యం మండలంలోని ఊళ్ళ పాటలు, ఏడాదికి రెండు మూడు ఊళ్ళు. మన బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు తమ తమ ఊళ్ళో భజన పెద్దల దగ్గరికి, జానపదం పాడే అవ్వల దగ్గరికి పోయి అడిగి రాసుకొస్తారు. తెలుగు అయివారు దిద్దుతారు. పాట పక్కన పాడినవాళ్ళ పేరు, ఊరు, నేర్పినవాళ్ళ పేరు వాళ్ళను అడిగి వేస్తాం. ఒక మూల చిన్న చదరపు గుర్తు ఉంటుంది, దానికి ఫోను చూపిస్తే ఆ పాట వినిపిస్తుంది. ఆ సాంకేతికపు పని నేనూ, నా బ్యాచివాళ్ళూ చేసిపెడతాం.

ఇప్పుడు లెక్క. 500 కాపీలు, కాపీకి 40 రూపాయలనుకుంటే 20,000. మన సంఘంలో 200 మంది తలా 100 రూపాయల చందా కడితే సరిపోయింది. 200 కాపీలు చందాదారులకు. మిగతా 300 ఉచితం. మొదట పాడినవాళ్ళకు, తర్వాత మండలంలోని ప్రతి భజన బృందానికి, ప్రతి బడికి, గ్రంథాలయానికి. అంగడి లేదు, కమీషను లేదు, వాపసు లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. ప్రతి కాపీకి ముందే ఒక పేరూ చిరునామా ఉంది. చదివేవాడు భజన బృందంలో ఉన్నాడు, వాడికది పనిముట్టు, పాడుకుంటాడు. డబ్బిచ్చేవాడు ఈ హాల్లో కూర్చొని ఉన్నాడు. జమీందారు కోసం వెతకనక్కరలేదు.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. బడికి ఏం ఇవ్వాలి అని మీరు అడుగుతుంటారు. బెంచీలు, ఫ్యాన్లు, నీళ్ళ ట్యాంకు ఇచ్చారు. పిల్లలు మిమ్మల్ని తలుచుకుంటూనే ఉన్నారు. ఈసారి మీ అమ్మను, మీ పెద్దమ్మను ఫోనులో అడగండి, దంపుళ్ళప్పుడో, నాట్లప్పుడో, పెళ్ళిలోనో వాళ్ళు పాడిన పాట ఒకటి. రాసి పంపండి. మీ వంద రూపాయల కంటే ఆ పాట ఎక్కువ విలువ చేస్తుంది.

అయివార్లకు ఒక విన్నపం. పాటలు రాసుకొచ్చిన పిల్లలకు ప్రాజెక్టు మార్కులు వేయండి. మార్కులుంటే పని నడుస్తుందని మీకంటే బాగా ఎవరికి తెలుసు!

బయట వరండాలో బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. ఎడమ పేజీలో చందాదారుల పేర్లు, కుడి పేజీలో మీ ఊళ్ళో పాడేవాళ్ళ పేర్లు రాయండి. ఎడమ పేజీ నిండకపోయినా ఏదో ఒకటి చేసి నెట్టుకొస్తాం. కుడి పేజీ మాత్రం ఈరోజే నిండాలి. అందులో రాసే పేర్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్ళే.